మూత లేస్తే మిషన్ ఆగినట్టే

గుంటూరు చుట్టుపక్కల కారం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు కళ్ళను నమ్మరు, చెవులను నమ్మరు. ఎలా నమ్ముతారు? ఘాటుకు కళ్ళు పొద్దస్తమానం కారుతూనే ఉంటాయి. ఒకే షెడ్డులో నాలుగైదు మిషన్లు కలిసి మోగుతుంటే తమది తిరుగుతోందో ఆగిందో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అందుకే వాళ్ళలో ఒక మాట పాతుకుపోయింది. మూత లేస్తే మిషన్ ఆగినట్టే.

మిషన్ అంటే పెద్ద ఇనప పెట్టె. లోపల సుత్తులు గిర్రున తిరుగుతూ ఎండుమిరపకాయల్ని పొడి చేస్తాయి. పైన మూత, మూతకు ఒక గడియ, పక్కన ఒక హ్యాండిల్. హ్యాండిల్ ఎత్తితే తిరుగుతుంది, దించితే బ్రేకు పడి ఆగుతుంది. ఎత్తి ఉన్నంతసేపూ గడియ మీదుండే ఒక బుడిపె ఆ హ్యాండిల్‌కు అడ్డుపడి మూతను లేవనివ్వదు. చింతగింజంత బుడిపె. లోపల కాయ ఇరుక్కుంటే మనిషి పక్కవాడికి సైగ చేస్తాడు, మూత పట్టుకుని లాగుతాడు. లేవకపోతే పక్కవాడు ఇంకా హ్యాండిల్ దించలేదన్నమాట. లేచిందా, చెయ్యి పెట్టొచ్చు.

బుధవారం పొద్దున కోటేష్ సైగ చేశాడు. పక్కవాడు కళ్ళు తుడుచుకుంటూ ఆ సైగ చూడలేదు. కోటేష్ మూత లాగాడు, లేచింది, చెయ్యి పెట్టాడు.

మోచేతి దాకా పోయింది. ఎముక సుత్తులకు తగిలి లోపల టకటకమంటుంటే రాయి పడిందనుకున్నారట. కింద గోతాంలోకి పడే కారం తడిసి ముద్దలు ముద్దలుగా వస్తుంటే అప్పుడు చూశారు. పైన కోటేష్ అరుస్తూనే ఉన్నాడు, ఆ మోతలో ఎవరికీ వినపడలేదంతే. ఆ గోతాన్ని మిల్లు వెనకాల గుంట తీసి పూడ్చారు.

జ్యోతిర్మయికి ఈ సంగతి గురువారం పొద్దున తెలిసింది. ఆమె పనిచేసేది నల్లపాడులో, మిషన్లకు ఇనప ముక్కలు చేసిచ్చే రాఘవులు షాపులో. రాఘవులు నలభై ఏళ్ళుగా ఇనుము చెక్కే లేతు మీద బతికిన మనిషి. జ్యోతిర్మయి నాలుగేళ్ళ కిందట అక్కడ చేరి, లేతుల మధ్య ఒక కంప్యూటర్ పెట్టించి, ముక్కల నమూనాలు దాని మీద గీస్తోంది. ఆయన్ని బాబాయ్ అంటుంది. ఇద్దరికీ చుట్టరికం లేదు, కానీ ఒకరి క్యారేజీలో కూర ఇంకొకరు తింటారు.

"మన గడియ బిగించిన మిల్లులో ఒకడి చెయ్యి పోయిందంటమ్మా," అన్నాడు రాఘవులు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "మూత తిరుగుతుండగానే లేచిందంట."

జ్యోతిర్మయి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని గడియ ఫైలు తెరిచింది.

ఆ గడియ కథ నెల రోజుల నాటిది. కోటేష్ మిల్లు యజమాని పాత గడియ ఒకటి శాంపిల్‌గా తెచ్చి, అరిగిపోయింది, ఇట్టాంటివి ఆరు కావాలన్నాడు. అదే రకం మిషన్లు తన దగ్గర రెండు, మరో రెండు మిల్లుల్లో తలా రెండు ఉన్నాయి. ఆ మిషన్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, డ్రాయింగులు లేవు. ముక్కను తాడేపల్లిలో ఒకరికి పంపి స్కానింగ్ చేయిస్తే మెష్ ఫైలు వచ్చింది. స్క్రీన్ మీద చూసి రాఘవులు నవ్వాడు. "ఇదేందమ్మాయ్, చేపనడిగితే వల పంపారు," అన్నాడు.

నిజంగా వలే. మూడు లక్షల చిల్లర చిన్నచిన్న త్రికోణాలు ఒకదానికొకటి అతుక్కుని గడియ ఆకారంలో నిలబడ్డాయి. చూడ్డానికి ముక్కలాగే ఉంటుంది గానీ అందులో రంధ్రం రంధ్రమని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, అంచు అంచని తెలియదు. ఒక కొలత మారుద్దామంటే మారదు. ముందు త్రికోణాలు తగ్గించాలి, స్కానింగ్‌లో పడిన చిల్లులు పూడ్చాలి, గరుకులు నున్న చెయ్యాలి, ఆ తర్వాత దాన్ని గట్టి ముక్కగా మార్చుకుని అరిగినచోట కలుపుకోవాలి. జ్యోతిర్మయి రెండు రోజులు కూర్చుని చేసింది. గడియ చివర ఒకచోట వంకరటింకరగా ఉబ్బు కనిపించింది. వెల్డింగ్ చేస్తుంటే ఎగిరిపడ్డ చుక్క అయ్యుంటుందనుకుంది. లేకపోతే కారం పేరుకుని గట్టిపడి ఉంటుందనుకుంది. చుట్టూ గీత గీసి, నున్న చెయ్యమని ఒక్క నొక్కు నొక్కింది. పోయింది.

పోతపోసి తెచ్చిన మొదటి ముక్కను రాఘవులు చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచులన్నీ తడిమాడు. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చిన దగ్గర్నుంచి వేలితోనే చూస్తాడు.

"ఇక్కడేదో తక్కువైనట్టుందమ్మాయ్."

"మిల్లీమీటర్లో వందోవంతు కూడా తేడా లేదు బాబాయ్. మీ వేలి కంటే కంప్యూటర్ గట్టిది," అందామె నవ్వుతూ.

ఆయన కూడా నవ్వేసి ఊరుకున్నాడు. చదువుకున్న పిల్లతో ఏం వాదిస్తాంలే అనుకున్నాడు. ఆ ఒక్క పూట ఆయన మొండికేసి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు జ్యోతిర్మయి తాడేపల్లి నుంచి వచ్చిన మొదటి మెష్‌ను తెరిచి, దాని మీద తను చేసిన ముక్కను పెట్టింది. రెండూ ఒకదాన్నొకటి మింగేసినట్టు కలిసిపోయాయి, ఒక్కచోట తప్ప. అక్కడ పాత ముక్క బుడిపె బయటికి పొడుచుకుని ఉంది. హ్యాండిల్ ఆనే చోటు అది. లేచి వెళ్ళి బాబాయ్‌కి చెప్పాలనుకుంది, లేవలేదు. ఎవరికీ తెలియదు గదా అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. వచ్చిన మాట నిజం, దాచడమెందుకు.

అంతలో షాపు ముందు బండి ఆగింది. దిగినవాడు యలమంద, కోటేష్ అన్న. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు మోసే మనిషి, దూలంలా ఉంటాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. చేతిలో ఇనప రాడ్డు.

"గడియ చేసింది ఎవడు?"

రాఘవులు లేతు ఆపి ముందుకొచ్చాడు. "షాపు నాది. అడిగేదేదో నన్నడుగయ్యా."

"నా తమ్ముడికి ముప్పై రెండేళ్ళు. ఇక అన్నం ఎట్టా తినాలో నువ్వు చెప్పు."

"కూర్చో అబ్బాయ్, మాట్లాడుకుందాం..."

రాడ్డు లేచింది. రాఘవులు తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టాడు. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆయన కేక కూడా పెట్టలేదు, గోడకు జారబడి, వేలాడుతున్న తన చేతిని వింతగా చూసుకున్నాడు. యలమంద పక్కకు తిరిగి కంప్యూటర్ మీద పడ్డాడు. మొదటి దెబ్బకు తెర పగిలింది. రెండో దెబ్బకు, మూడో దెబ్బకు కింది డబ్బా పచ్చడైంది. గాజు ముక్కలు జ్యోతిర్మయి మొహాన చిమ్మి నుదుటి మీద నుంచి రక్తం కారింది. ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, మొదటి మెష్‌తో సహా. యలమంద మళ్ళీ రాఘవులు మీదికి నడిచాడు.

ఆ మొదటి దెబ్బ పడ్డప్పుడే జ్యోతిర్మయి నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ సిగ్గు ఆమెను బతికినంతకాలం వదలదు.

"ఆయన కాదు," అంది జ్యోతిర్మయి. "కంప్యూటర్లో ఆ ముక్క చేసింది నేను. గడియకు బుడిపె ఉండాలి. అది నేనే తీసేశా."

యలమంద ఆమెను ఎగాదిగా చూశాడు. ఆడమనిషి, మెడలో ఐడీ కార్డు, కళ్ళజోడు. అతను ఎదురుచూసింది ఇలాంటి మనిషిని కాదు.

"ఏ చేత్తో తీశావు?"

ఆమె ఆలోచించకుండానే కుడిచేతి వైపు చూసింది. అంతే. అతను ఆ మణికట్టు దొరకబుచ్చుకుని బల్లకు బిగించిన వైస్ దగ్గరికి ఈడ్చుకుపోయాడు. రెండు ఇనప దవడల మధ్య ఆమె వేళ్ళు పెట్టి పిడి తిప్పాడు. నడిమి రెండు వేళ్ళూ నలిగాయి. గోరు లేచిపోయి రక్తం దవడల సందుల్లోంచి బల్ల మీదికి కారింది. జ్యోతిర్మయి మోకాళ్ళ మీద కూలబడి గొంతు చించుకుని అరిచింది. రాఘవులు ఎడంచేత్తో యలమంద చొక్కా పట్టుకుని లాగబోతే ఒక్క తన్నుతో అవతల పడ్డాడు.

"తీసుకో," అందామె ఏడుస్తూనే. "నా చెయ్యి తీసుకో, కాదనను. కానీ ఇంకా నాలుగు గడియలున్నయ్. ఇదే ముక్క. ఇప్పుడు తిరుగుతున్నయ్. ముందు ఆ మిల్లులు ఆపనివ్వు."

"ఎక్కడున్నయ్?"

"రెండు పర్చూరులో. రెండు ఏటుకూరు రోడ్డులో, పేరయ్యగారి మిల్లులో."

పిడి మీద యలమంద చెయ్యి ఆగిపోయింది.

"పేరయ్య మిల్లులోనా?"

"మొన్న సోమవారమే బిగించారు."

యలమంద భార్య శివపార్వతి పనిచేసేది అక్కడే. అతను వైస్ వదులు చేసి, భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఎట్టా ఎత్తుతుంది? మిల్లులో ఫోన్లన్నీ గేటు దగ్గర డబ్బాలో పెట్టి లోపలికి పోవాలి. పేరయ్యకు చేస్తే అదీ అంతే.

నేల మీద కూర్చునే రాఘవులు ఎడంచేత్తో పర్చూరుకు ఫోన్ కలిపాడు. అక్కడి యజమాని తెలిసినవాడు, మారు మాట్లాడకుండా రెండు మిషన్లూ ఆపించాడు. ఆ తర్వాత రాఘవులు బల్ల సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన పాత గడియ తీశాడు. శాంపిల్ ముక్క పారెయ్యకూడదని ఆయన నియమం. పని ఎంత పాతబడ్డా సరే, యజమాని వచ్చి అడిగేదాకా ఉంచుతాడు.

"తీసుకుపో అమ్మాయ్. ఉత్త మాట చెబితే నమ్మరు. ఇది చూపించు."

"మీ చెయ్యి బాబాయ్..."

"నా చెయ్యి ఇక్కడే ఉంటది. నువ్వు పో."

లేతు తుడిచే గుడ్డ వేళ్ళకు చుట్టుకుని ఆమె యలమంద బండెక్కింది. తన చెయ్యి నలగ్గొట్టినవాడి భుజమే పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. మిరప టిక్కీల లారీలు రోడ్డుకు అడ్డంపడి ఉంటే యలమంద బండిని మట్టిలోకి దించి, గుంతల్లో ఎగరేసి తోలాడు. ప్రతి గుంతకూ ఆమె వేళ్ళలోంచి నొప్పి చంక దాకా పాకింది. కానీ ఆమె మనసంతా ఒకటే లెక్క వేస్తోంది. రెండు మిషన్లు, మిషన్‌కు ఇద్దరు, పూటకు ఎన్నిసార్లు కాయ ఇరుక్కుంటుందో, ఎన్నిసార్లు మూత లాగుతారో.

పేరయ్య గేటు దగ్గరే ఎదురయ్యాడు, చేతిలో టీ గ్లాసు. మిల్లు మొత్తం ఆపమని యలమంద ఉన్నపళంగా అడిగేసరికి ఆయనకు ఒళ్ళు మండింది.

"ఏరా, నీ అబ్బ సొత్తా ఆపడానికి? మిషన్ నిండా కాయుంది. మధ్యలో ఆపితే మాడి కంపు కొడతది."

"గడియ బాగోలేదు పేరయ్యగారూ. మా తమ్ముడి చెయ్యి పోయింది దీంతోనే."

"మీవోడు తాగి పెట్టుంటాడు చెయ్యి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. యలమంద రాడ్డు ఎత్తి ఆయన చేతిలోని గ్లాసును, దాంతోపాటు కింది పెదవిని పగలగొట్టాడు. లోడు దించుతున్న హమాలీలు నలుగురు కొక్కేలు చేతపట్టుకుని పరిగెత్తుకొచ్చారు. టిక్కీలు లాగే ఇనప కొక్కేలవి. ఒకటి యలమంద వీపులో దిగింది. అతను రాడ్డు తిప్పుతూనే ఉన్నాడు, ఒకడి మోకాలు విరిగింది, ఇంకొకడు తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి కిందపడేసి తొక్కారు.

"లోపలికి పోవే," అని అరిచాడతను వాళ్ళ కాళ్ళ కిందనుంచి.

జ్యోతిర్మయి షెడ్డులోకి పరిగెత్తింది. లోపల ఎర్రటి మంచు. కళ్ళలో, ముక్కులో, వేళ్ళ గాయంలో కారం దూరి ఒళ్ళంతా భగ్గుమంది. మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకున్న ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళలో శివపార్వతి ఎవరో ఆమెకు తెలియదు. అడిగితే వినపడదు. రెండో మిషన్ దగ్గర ఒకామె పక్కకు చెయ్యి ఊపి సైగ చేసి, మూత పిడి పట్టుకుంది. జ్యోతిర్మయి హ్యాండిల్ వైపు చూసింది. అది ఎత్తే ఉంది.

మూత లేచింది.

లేచిన మూతను చూసి ఆ మనిషి ఏ అనుమానమూ లేకుండా చేత్తో చెక్క గరిటె పట్టుకుని లోపలికి వంగింది. జ్యోతిర్మయి వెనకనుంచి ఆమె కొప్పు దొరకబుచ్చుకుని బలమంతా పెట్టి గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. జారిన గరిటె లోపల పడి ఒక్క క్షణంలో ముక్కలు ముక్కలై పైకి చిమ్మింది. ఒక చీలిక వచ్చి జ్యోతిర్మయి చెంపలో గుచ్చుకుంది. కిందపడ్డామె లేస్తూనే, ఎవరో పిచ్చిది మీదపడిందనుకుని, ఆ చెంప మీదే చాచి కొట్టింది. మళ్ళీ కొట్టబోయి, తెరిచి ఉన్న మూతను చూసింది. ఎత్తి ఉన్న హ్యాండిల్‌ను చూసింది. లోపల తిరుగుతున్న సుత్తులను చూసింది. ఎత్తిన చెయ్యి అలాగే దించి, ఆ చేతిని రెండోచేత్తో గట్టిగా పట్టుకుని అక్కడే చతికిలబడింది.

మిగతావాళ్ళు హ్యాండిళ్ళు దించి మిషన్లన్నీ ఆపాక షెడ్డులో దగ్గులు మాత్రమే వినపడ్డాయి. మొహం మీది తువ్వాలు విప్పుకుని ఆ మనిషి గేటు వైపు చూసి, "మా ఆయన్ని ఎందుకు కొడతన్నారు," అంది. ఆమే శివపార్వతి.

జ్యోతిర్మయి పాత గడియనూ, మిషన్ నుంచి ఊడదీయించిన కొత్త గడియనూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించింది. బుడిపె తనే తీసేశానని చెప్పింది. పగిలిన పెదవికి కండువా అదుముకుని పేరయ్య ఆ రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు.

సాయంత్రానికి అందరూ ఒకే ఆసుపత్రిలో తేలారు. రాఘవులు చేతికి కట్టు వేశారు. యలమంద వీపుకు పదకొండు కుట్లు పడ్డాయి. జ్యోతిర్మయి రెండు వేళ్ళూ నిలబడతాయి గానీ ఇదివరకటిలా వంగవన్నారు. ఆమె కట్టు కట్టించుకుని కోటేష్ ఉన్న వార్డు ఎక్కడని అడిగి తెలుసుకుని వెళ్ళింది. అప్పటికే యలమంద తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు.

కోటేష్ సన్నటి మనిషి. కుడి మోచేతి దగ్గర తెల్లటి కట్టు, ఆ కట్టు తర్వాత ఏమీ లేదు. మందుల మత్తు సగం దిగిన కళ్ళతో చూశాడు.

"ఎవరమ్మా?"

చెప్పింది. పేరు, షాపు, మెష్, బుడిపె, అన్నీ చెప్పింది. తప్పు తనదని చెప్పింది. తిడతాడనుకుంది, మీదికి లేస్తాడనుకుంది. అతనికి సగం అర్థం కాలేదు. కొత్త గడియ అనే మాట దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"గడియ మార్చారా? ఎప్పుడు?"

"ఆదివారం. మిల్లు సెలవు రోజు."

"నాకెవరూ చెప్పలేదే."

ఆమె సంచిలోంచి పాత గడియ తీసి అతని ఎడంచేతిలో పెట్టింది. అతను చూడలేదు. బొటనవేలితో తడుముతూ పోయి బుడిపె దగ్గర ఆగాడు. దాని మీద వేలు అటూ ఇటూ రాశాడు.

"ఇది నేను పెట్టిందే," అన్నాడు. "ఐదేళ్ళయింది. అసలు పన్ను అరిగిపోతే మూత ఊరికే లేస్తా ఉండేది. ఎవరికో ఒకరికి చెయ్యి పోద్దని వెల్డింగ్ మిషన్ అడిగి తెచ్చి నేనే పెట్టా. నాకా పని సరిగ్గా రాదు. వంకరగా వచ్చింది. ఇది ఉందనే నమ్మకంతోనే లాగా నిన్న."

శివపార్వతి గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. కోటేష్ ఇంకా ఆ బుడిపె మీంచి వేలు తీయలేదు. తలెత్తి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"చూడ్డానికి బాగోలేదనా మేడం, తీసేశారు?"

జ్యోతిర్మయి అవునంది.